దిసారి నూరిన అల్లం

దాలిమ్మ వాంతి చేసుకోని చోటు ఆ ఊళ్ళో లేదంట. పొయ్యి దగ్గర మొదలయ్యేది, పెరట్లోకి వచ్చేది, పెరట్లోంచి పశువుల సాల, సాల దాటితే గెడ్డకి, అదే కొండవాగుకి, పోయే దారి. తెల్లారితే ముందు కోడి గొంతు వినబడేది, దాని వెనకాలే దాలిమ్మ గొంతు. ఊరి పేరు కొక్కిరపుట్టు. కొండ మీద నలభై గడపల ఊరు, నలభై గడపలకీ అల్లమే బతుకు. పిల్లకి మూడో నెల వచ్చిందో రాలేదో, అప్పుడే వేవిళ్ళు. వేవిళ్ళంటే అందరికీ వచ్చేవే అనుకో. మా అమ్మకి నేను కడుపులో ఉన్నప్పుడు ఇంగువ వాసన పడేది కాదంట, ఆవిడ పోయేదాకా ఆ తప్పు నాదే అన్నట్టు చెప్పేది. దాలిమ్మకి ఒక్క ఇంగువ కాదు, అన్నీ. అన్నం ఉడికే వాసన పడదు, పొగ వాసన పడదు, మొగుడు మంగులు దగ్గరికొస్తే మంగులు వాసన కూడా పడదు. అతను మెత్తని మనిషి, పాపం. గెడ్డకి పోయి మూడు మునకలేసి వచ్చి, గుమ్మం అవతలే నిలబడి, "ఇప్పుడు?" అనేవాడంట. ఆవిడ ముక్కు మూసుకుని, "ఊహూ. ఇప్పుడు గెడ్డ వాసనొస్తున్నావు" అనేదంట. నవ్వండి గాని విస్తరాకులు కుట్టడం ఆపకండి, వినడానికి చెవులు చాలు.

అత్త పేరు ఎర్నమ్మ. మొదటి నాలుగు రోజులూ ఆవిడ ఏమందంటే, "నేను ఐదుగుర్ని కన్నాను. ఐదుసార్లూ కక్కాను. కక్కుతూనే కలుపు తీశాను. ఇదేటి వింత?" అంది. రోజుకో పాలి అనేది, వినేవాళ్ళు దొరికితే రెండుసార్లు. ఐదో రోజు పిల్ల గోడ పట్టుకుని లేవడం చూసింది. ఆరో రోజు గోడ పట్టుకున్నా లేవలేకపోవడం చూసింది. ఆ రోజు నుంచి ఎర్నమ్మ తన ఐదు కాన్పుల సంగతి ఎత్తలేదంట. గంజి పోస్తే గంజి బయటికి, చింతచిగురు చారు పోస్తే చారు బయటికి. నీళ్ళు మాత్రం రెండు గుక్కలు నిలిచేవి, మూడో గుక్క తాగితే మూడూ కలిసి వచ్చేసేవి. బుగ్గలు లోపలికి పోయాయి, చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇలాగైతే లోపలున్న నలుసు నిలుస్తుందా, అసలు పిల్ల నిలుస్తుందా అని ఎర్నమ్మకి గుబులు పట్టుకుంది. బయటికి అనలేదు, అనకూడదు కదా.

అప్పుడేం చేసిందంటే, కన్నెమ్మవ్వ దగ్గరికి పరిగెత్తింది. ఊళ్ళో పురుళ్ళు పోసేది ఆ అవ్వే. అవ్వ దగ్గర శొంఠి కొమ్ము ఒకటుండేదంట, చిటికెనవేలంత. ఊరు మొత్తానికి అదొక్కటే. కొంగు చివర ముడేసుకుని, ఆ ముడిని మళ్ళీ బొడ్లో దోపుకుని తిరిగేది. వచ్చింది, సానరాయి మీద నీళ్ళు చల్లింది, శొంఠిని గంధం తీసినట్టు మూడు చుట్లు తిప్పింది, ఆపింది. "ఇంకో చుట్టు తిప్పవ్వా" అంటే, "నా చావుకి మిగుల్చుకోవద్దేటే?" అందంట. చావుకి శొంఠెందుకో ఆవిడకే తెలియాలి. ఆ మూడు చుట్ల శొంఠిని వేణ్ణీళ్ళలో కలిపి, బెల్లం ముక్కేసి ఇచ్చారు. ఏమైందంటే, నిలిచింది! తాగిన కాసేపటికి పిల్ల గంజి అడిగింది, సగం గిన్నె తాగింది, అదీ నిలిచింది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజుకి శొంఠి అరిగి అరిగి చింతపిక్కంత అయిపోయింది. అవ్వకి వేళ్ళు పట్టు తప్పి అది కాస్తా జారి కింద పడింది, పక్కనే తిరుగుతున్న పెట్ట గుటుక్కున మింగేసింది. అవ్వ కోడి వెంట పడింది, ఎర్నమ్మ అవ్వ వెంట పడింది, కోడి గడ్డివామెక్కి కూర్చుంది. ఊరి శొంఠి అలా పోయింది. దాలిమ్మ మళ్ళీ మొదటికొచ్చింది.

మీకో అనుమానం రావాలి ఇక్కడ. అల్లం పండించే ఊళ్ళో అల్లానికి కరువేటి అని. కరువే. పుష్యమాసంలో తవ్వుతారు, తవ్విందంతా సంతకి పోతుంది, విత్తనానికి కాస్త గోతిలో దాచుకుంటారు, దాన్ని వైశాఖంలో నాటేస్తారు. శ్రావణం వచ్చేసరికి మళ్ళనిండా అల్లం మొక్కలే గాని ఇంట్లో గోరంత ముక్క ఉండదు. సంతకి పోయి కొనుక్కుందామంటే మధ్యలో గెడ్డ పొంగి ఉంది, మనిషి లోతు దాటి పారుతోంది. సరే, మడిలోంచి ఒక మొక్క పీకేస్తే? అమ్మో. అక్కడే ఉంది చిక్కంతా. ఆ ఊళ్ళో ఏ పంటైనా 'కొత్త' చేయకుండా నోట పెట్టకూడదు. కొత్త అంటే పండగ. ఆ ఏడు పండిన పంటని ముందు దేవతకి పెట్టి, ఆ తర్వాతే మనుషులు తినడం. అల్లం కొత్త కార్తీకంలో. అప్పటిదాకా ఎవరైనా అల్లం విరిచారంటే మళ్ళకి దుంపకుళ్ళు తగులుతుందని నమ్మకం. నమ్మకమంటే ఊరికే కాదు, రెండేళ్ళ కిందట తగిలింది కూడా. నలభై గడపల అల్లం నీళ్ళలా కుళ్ళిపోయి, జనం ఆ ఏడంతా అడవి దుంపలు తవ్వుకు తిన్నారు. ఆ కొత్త ఎప్పుడు చెయ్యాలో చుక్కల్ని చూసి, నీడని చూసి ముహూర్తం పెట్టేవాడు ఒకడుంటాడు, ఆయన్ని దిసారి అంటారు. కొక్కిరపుట్టు దిసారి పేరు జోగన్న. జోగన్న ఎవరంటే, ఎర్నమ్మ మొగుడు. దాలిమ్మ మామ. చూశారా. ఊరందరి నోటికీ తాళం వేసేవాడి ఇంట్లోనే అల్లం కావలసొచ్చింది.

ఎర్నమ్మ అడిగింది, ఒక్క మొక్క పీకుతానని. జోగన్న ఒప్పుకోలేదు. చెడ్డవాడు కాదు ఆయన, ఆ కుళ్ళిన ఏడు మర్చిపోలేని మనిషి. "నా ఇంటి కోసం నేనే విరిస్తే, రేపు మళ్ళు పోతే, నలభై ఇళ్ళ పిల్లలకి నేనేం పెట్టను?" అన్నాడంట. దానికి జవాబు దాలిమ్మ దగ్గరుంది. ఆ ఇళ్ళల్లో కోడలు మామతో ఎదురుపడి మాట్లాడదు. తలుపు వెనక నిలబడి అత్తకి చెప్తుంది, అత్త మామకి చెప్తుంది. మామ అక్కడే ఉంటాడు, వినబడుతూనే ఉంటుంది, అయినా అత్త నోటితో వస్తేనే విన్నట్టు.

దాలిమ్మ తలుపు పట్టుకుని, "అత్తా, మావతో చెప్పు. కొత్త అల్లం నాకొద్దు. పాత అల్లం తీసిమ్మను" అంది.

"విన్నావా? పాత అల్లం తీసిమ్మంటోంది."

"ఎక్కడుందో చెప్పమను. ఉట్టి మీదుందా, అటక మీదుందా?"

"మడిలోనే ఉందని చెప్పత్తా. వైశాఖంలో నాటిన ముక్కే. తల్లి ముక్క. మా పుట్టింటూరు బూరుగువలసలో శ్రావణంలో మొక్కకి మట్టి ఎగదోసేటప్పుడు పక్కనుంచి గోకి ఆ తల్లి ముక్కని విరిచి తీసేస్తారు. మొక్కకేటీ అవ్వదు. పిల్ల కొమ్ములు వాటి దారిన అవి ఊరతాయి."

జోగన్న నవ్వాడంట. "నాటిన విత్తు మిగిలుంటుందా? వాళ్ళూళ్ళో వడ్లు జల్లాక మళ్ళీ ఏరుకుంటారేటో అడుగు."

నిజానికి కొక్కిరపుట్టులో అందరూ అలాగే అనుకునేవారు. నాటిన ముక్క మొలకెత్తాక మట్టిలో కరిగిపోతుందని. ఎవరూ తీసి చూడలేదు, కొత్తకి ముందు మన్ను కదిపితేగా తెలిసేది. పుష్యంలో తవ్వినప్పుడు గుత్తి అడుగున ముడతలుపడ్డ ముక్క కనబడితే పనికిరానిదని విసిరేసేవారు. దీనికో చిన్న ముచ్చట చెప్తాను. నేను అనకాపల్లి కాలేజీలో చదివేటప్పుడు బోటనీ మేష్టారు అల్లం వేరు కాదు, కాండం అన్నారు. మట్టిలో ఉన్నది వేరు కాకపోవడమేమిటని నేను పరీక్షలో వేరనే రాశాను, మార్కులు పోయాయి. ఇంటికొచ్చి మా నాన్నకి చెప్తే, "ఆయన ఎప్పుడైనా అల్లం నాటాడా?" అన్నాడు. నాటలేదు గాని మేష్టారే ఒప్పు. కాండం కాబట్టే ముక్క నాటితే ఆ ముక్క అలాగే ఉండి, దాని ఒంటి మీంచి పిల్ల కొమ్ములు పుట్టుకొస్తాయి. ఇంత చదివిన నాకే పట్టలేదు, జోగన్నకేం తెలుస్తుంది? సరే, ఎక్కడున్నాం? తలుపు దగ్గర.

దాలిమ్మకి అప్పుడు కడుపులో తిప్పింది, పెరట్లోకి పోయి, నోరు కడుక్కుని, మళ్ళీ వచ్చి తలుపు పట్టుకుంది. ఆ పిల్ల పట్టు చూడండి. "అత్తా, ఆ ముక్క పండిందెప్పుడో మావనడుగు."

"నిరుడు" అన్నాడు జోగన్న, ఎర్నమ్మ అడక్కముందే.

"నిరుడు కార్తీకంలో దానికి కొత్త చేసిందెవరో అడుగు."

"నేనే చేశాను. అయితే?"

"ఒక అల్లానికి రెండుసార్లు కొత్త చేస్తారా అని దిసారినడుగు."

ఎర్నమ్మ అడగలేదంట. అడగాల్సిన పని లేకపోయింది. జోగన్న కర్ర తీసుకుని వాకిట్లోకి పోయి చాలాసేపు ఆకాశం కేసి చూశాడు. పట్టపగలు, చుక్కలేవీ లేవు. తిరిగొచ్చి ఇలా అన్నాడు. "సరే. నాలుగు మొక్కలకి తియ్యండి. నాలుగే. ఇనుము తగలకూడదు. తీసింది ఉట్టి మీద పెట్టండి, ఎవరూ ముట్టద్దు. నాలుగు పొద్దులు చూస్తాను. మొక్కలు నిలిస్తే పిల్లకి ఇవ్వండి. మడిలో ఒక్క మొక్క వాలినా అది తప్పుడల్లం, కడుపుతో ఉన్నదానికి తప్పుడల్లం నేను తాగించను. దాన్ని గెడ్డలో కలిపేస్తాను, గెడ్డ దిగ్గానే పిల్లని పుట్టింటికి పంపిస్తాను." ఎర్నమ్మకి కోపమొచ్చింది. "నాలుగు పొద్దులు అది నీళ్ళ మీద బతకాలా?" అంది. దాలిమ్మ తలుపు వెనక నుంచి, "ఉంటానని చెప్పత్తా" అంది.

మర్నాడు మడికి పోయారు. కడుపుతో ఉన్న మనిషి అల్లం మడి తొక్కకూడదు, అందుకని దాలిమ్మని గట్టు మీద కూర్చోబెట్టి, మంగులు తాటాకు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, గాలి వాలుకి అవతల, అంటే తన వాసన ఆవిడకి తగలని వైపు. ఎర్నమ్మ వెదురుబద్ద పట్టుకుని మొక్క మొదట్లో కూర్చుంది. "నిదానంగా అత్తా. అటు కాదు, ఇటు. కాడ వైపు కాదు, కాడకి జానెడు దూరం." "నాకు నేర్పుతున్నావేటే? నువ్వు పుట్టకముందు నుంచి నాటుతున్నాను." "నాటావు గాని తీయలేదు కదత్తా." "తీయలేదులే. చెప్పు." మట్టి గోకగా గోకగా వేలికి తగిలింది. పైతోలు నల్లగా, ముడతలుపడి, ముసలాడి మోకాలు లాగుంది. ఎర్నమ్మ పెదవి విరిచింది. "కొస పట్టుకుని తిప్పత్తా, అదే వస్తుంది" అంది దాలిమ్మ. తిప్పింది. టక్కున విరిగింది. లోపల పచ్చగా, నీరు కారుతూ, ఘాటు. ఆ ఘాటు గాలిలో గట్టు దాకా వచ్చింది, పదిహేను పదహారు రోజులుగా ప్రతి వాసనకీ ముక్కు మూసుకున్న పిల్ల, మొదటిసారి ముక్కు పైకెత్తి గట్టిగా పీల్చిందంట. ఎర్నమ్మ నాలుగూ తీసి, గుంటలు పూడ్చి, గుర్తుకి తన పాత చీర అంచు చించి ఆ నాలుగు మొక్కలకీ కట్టింది.

ఇక నాలుగు పొద్దుల కాపలా. జోగన్న ఇంట్లో ఉండలేకపోయాడు. పిల్ల మొహం చూడలేక అని నా లెక్క. పొద్దున్నే మడికి పోయేవాడు, మొక్కల మధ్యన నిలబడి కర్ర నేలలో దిగ్గొట్టేవాడు. దిసారి కదా, నీడ కొలుస్తాడు. కర్ర నీడ ఇంత పొడుగుంటే ఇంత పొద్దు అని. చోటు మారితే లెక్క తప్పుతుందని మొదటి రోజు ఎక్కడ దిగ్గొట్టాడో రెండో రోజూ అక్కడే, మూడో రోజూ అక్కడే. కళ్ళు మాత్రం ఆ నాలుగు చీరపీలికల మీదే. ఇంట్లో సంగతి చెప్తే నవ్వొస్తుంది. అల్లం ఉట్టి మీదుంది. ఎర్నమ్మ ఏమందంటే, "మీ మావ ముట్టద్దన్నాడు, వాసన చూడద్దనలేదు" అంది. అని, ఉట్టి కిందే చాప వేసి పిల్లని పడుకోబెట్టింది. కాసేపటికి మంగులు వచ్చి ఓ మూల కూర్చున్నాడు. "నువ్వెందుకురా?" అంటే, "నాకూ తిప్పుతున్నట్టుందే అమ్మా" అన్నాడంట. కన్నెమ్మవ్వ వచ్చి, కోడి తన శొంఠిని ఇవ్వలేదని ఓపాలి ఏడ్చి, ఆవిడా ఉట్టి కింద కూర్చుంది. ఆ వాసనకి పిల్ల మూడో గుక్క నీళ్ళు నిలుపుకుంది. మూడు గుక్కలు. గంజి మాత్రం నిలవలేదు.

నాలుగో పొద్దు తెల్లారింది. జోగన్న మడికి పోయాడు. పోయినవాడు అక్కణ్ణించే కేక వేశాడు, ఊరంతా వినబడేలా. ఒక మొక్క ఆకులు పసుపెక్కి తలవాల్చి ఉంది. ఊరిపెద్ద పొట్టిదొర వచ్చాడు, ఆయన వెనక జనం వచ్చారు. ఉట్టి కింద పడుకున్న పిల్ల లేచి కూర్చుంది. ఎర్నమ్మ పరిగెత్తింది, జుట్టు ముడి ఊడిపోతున్నా ఆగలేదంట. పోయి చూస్తే వాలిన మొక్కకి చీరపీలిక లేదు. పీలికలున్న నాలుగూ నిటారుగా, నిగనిగలాడుతున్నాయి.

"ఇది మేం ముట్టిన మొక్క కాదు!" అంది.

"పక్కదే కదా" అన్నాడు జోగన్న. "తప్పు అక్కడ జరిగింది, ఇక్కడికి పాకింది. కుళ్ళు ఇలాగే మొదలవుతుంది. రెండేళ్ళ కింద ఇలాగే మొదలైంది."

"అయితే పీకి చూడు. కుళ్ళో కాదో తెలుస్తుంది."

"కొత్తకి ముందు పీకనా?"

దాని మీద కాసేపు పంచాయితీ. పీకితే తప్పు, పీకకపోతే తెలియదు. ఒకడు సగం పీకుదామన్నాడు. పొట్టిదొర అందరి మాటా విని, "చచ్చిన మొక్క పంట కాదు. పీకండి" అన్నాడు. పీకారు. గుత్తి పైకొచ్చింది. కుళ్ళు లేదు. దుంప గట్టిగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. కాకపోతే నడిమధ్యన ఒక బెజ్జం. ఇటు నుంచి అటు తిన్నగా, గుండ్రంగా, బొటనవేలు దూరేంత. పందికొక్కు కొడితే అంత గుండ్రంగా ఉండదు. పురుగు తింటే అంత తిన్నగా ఉండదు. అందరూ అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఎర్నమ్మ మొగుడి చేతిలోంచి కర్ర లాక్కుని ఆ బెజ్జంలో దూర్చింది. వేలికి ఉంగరం పట్టినట్టు పట్టేసిందంట.

ముందు పొట్టిదొర పొట్ట కదిలింది. ఆ తర్వాత ఊరంతా నవ్వింది. నాలుగు రోజులు నాలుగు పీలికల మీద కళ్ళు పెట్టి, కాళ్ళ దగ్గర ఏం చేస్తున్నాడో చూసుకోలేదు మహానుభావుడు. "దిసారీ, ఈ కొమ్ములు నిరుటివా, ఈ ఏటివా?" అని అడిగాడు పొట్టిదొర, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ఏటివే" అన్నాడు జోగన్న. "కొత్తకి ముందు వీటిని పొడిచిందెవరు?" జోగన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. తల వంచుకుని, "నేనే" అన్నాడు. "మరి తప్పుకి శిక్ష చెప్పేవాడు దిసారి. దిసారే తప్పు చేస్తే శిక్ష ఎవరు చెప్పాలి?" అన్నాడు పొట్టిదొర. ఎర్నమ్మకి తోచింది. "నేను చెప్తాను" అంది. "కొత్త దాకా రోజూ పొద్దున్నే లేచి, ఈయన తన చేత్తో అల్లం నూరి, నీళ్ళు కాచి, తన చేత్తోనే పిల్లకి ఇవ్వాలి. నేను ముట్టను. చెప్పను. చూస్తూ కూర్చుంటాను." ఊరంతా బాగుందంది. ముఖ్యంగా ఆడవాళ్ళు.

జోగన్న జన్మలో రోలు ముందు కూర్చోలేదు. మర్నాడు కూర్చున్నాడు. గోడల మీంచి తలలు వరసగా. ఉట్టి దింపాడు. ఆయన లెక్క ఏమిటంటే, శొంఠి మూడు చుట్లకే పిల్లకి అంత నిమ్మళించింది కదా, గుప్పెడు అల్లం వేస్తే పూర్తిగా నయమైపోతుందని. ఒక తల్లి ముక్క మొత్తం పడేశాడు. నూరాడు. కళ్ళల్లోకి చిమ్మింది, అయినా నూరాడు. చెంబుడు నీళ్ళు గ్లాసుడయ్యేదాకా మరిగించాడు. ఎర్నమ్మ నోరు నొక్కుకుని కూర్చుంది, చెప్పనంది కదా. గ్లాసు తీసుకుని తలుపు దాకా పోయాడు. అత్త లేకుండా మామా కోడలూ ఎదురుపడ్డం అదే మొదలు. పిల్ల ఒక్క గుక్క తాగింది. గొంతు భగ్గుమంది, కళ్ళంట నీళ్ళు, తాగిందీ వచ్చింది, తాగనిదీ వచ్చింది. "ఏనుక్కి కాచావేటి?" అంది ఎర్నమ్మ, ఇక ఆపుకోలేక.

అప్పుడాయన పిల్ల వైపు తిరిగాడు. తలుపు వైపు కాదు, పెళ్ళాం వైపు కాదు, పిల్ల వైపు. "ఎంత వెయ్యాలమ్మా?" అని అడిగాడంట.

పిల్ల ఊపిరి పీల్చుకుని బొటనవేలు చూపించింది. "ఈ గోరంత ముక్క మావా. చెక్కు తీసి, నలిపితే చాలు, నూరక్కర్లేదు. గ్లాసుడు నీళ్ళలో రెండు పొంగులు రానిచ్చి దింపి వడగట్టు. కొంచెం బెల్లం. పెరట్లో నిమ్మకాయుంటే నాలుగు చుక్కలు. చల్లారాక ఇవ్వు, నేను ఒక్కో గుక్కే తాగుతాను." జోగన్న ముహూర్తం లెక్క వేసినంత శ్రద్ధగా విన్నాడు. గోరంత, రెండు పొంగులు, నాలుగు చుక్కలు అని వేళ్ళు ముడుచుకుంటూ పోయాడు. ఇదిగో, ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపుతాను. మన నర్సమ్మా ఇంచుమించు ఇదే చెప్తుంది, అల్లం కొంచెమే, గుక్కగుక్కకీ ఎడమిచ్చి, ఖాళీ కడుపు ఉంచకుండా అని. ఇంకో మాట కూడా చెప్తుంది. నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు తగ్గిపోయినా, లేస్తే కళ్ళు తిరిగినా అల్లం నూరుతూ కూర్చోవద్దు, ఆస్పత్రికి వచ్చేయండి అని. దాలిమ్మకి ఆస్పత్రి లేదు. మనకుంది. మందులు వాడేవాళ్ళు ఆవిడనడిగే తాగండి. అయింది, కథలోకి పదండి.

ఆ మర్నాడు దిసారి కొలత ప్రకారం కాచాడు. తేనె రంగులో పల్చగా వచ్చింది. పిల్ల ఒక గుక్క తాగింది. అందరూ చూస్తున్నారు. ఇంకో గుక్క. మూడోది. నాలుగోది తాగి గ్లాసు కింద పెట్టి కళ్ళు మూసుకుంది. ఏమీ అవ్వలేదు. కాసేపాగి ఎర్నమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, సగం గిన్నె తెచ్చింది. అదీ తాగింది. అప్పుడు జోగన్న వాకిట్లోకి పోయి సూర్యుడికి ఎదురుగా నిలబడ్డాడంట, పొద్దు ఎంతెక్కిందో చూస్తూ. కొండ కొమ్ము మీంచి పొద్దు పనసచెట్టు మీదికొచ్చింది. లోపల చప్పుడు లేదు. పనసచెట్టు దాటి ఇంటి కప్పు మీదికొచ్చింది. చప్పుడు లేదు. ఏ పెళ్ళి ముహూర్తానికీ అంత కళ్ళప్పగించి పొద్దు చూసి ఎరగడాయన. అప్పుడు లోపల్నించి దాలిమ్మ గొంతు, సన్నగా వినబడింది. "అత్తా, ఎండుచేప ఏదైనా ఉంటే కాల్చి పెట్టవా?" ఎర్నమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ పొయ్యి రాజేసింది. జోగన్న మొహం తుడుచుకుంటే మంగులు చూసి, "ఏటయ్యా?" అన్నాడు. "చెమట" అన్నాడంట. వానగాలి వీస్తోందప్పుడు.

వేవిళ్ళు పూర్తిగా పోయాయా అంటే పోలేదు, అబద్ధం చెప్పకూడదు. రోజుకి పదిసార్లయ్యేవి రెండుసార్లయ్యాయి. ఐదో నెలకి వాటంతటవే తగ్గిపోయాయి. తిన్నది ఒంటపట్టింది, గాజులు మళ్ళీ మణికట్టు దగ్గర నిలిచాయి. "ఇక చాలు మావా, బాగానే ఉన్నాను" అంటే, "కొత్త దాకా అన్నారు, కొత్త దాకా నూరతాను" అన్నాడంట జోగన్న. నూరి, పిల్ల వద్దంటే తనే తాగేవాడు. ఊళ్ళోవాళ్ళు శ్రావణంలో తల్లి ముక్క తీయడం నేర్చుకున్నారు, గెడ్డ పొంగినా ఇంటింటా గుప్పెడు అల్లం ఉండేది. కార్తీకంలో కొత్త బాగా జరిగింది, మళ్ళు నిలిచాయి, పురుడు కన్నెమ్మవ్వే పోసింది, తల్లీ బిడ్డా బాగున్నారు.

ఈ కథ నేను చాలా ఊళ్ళల్లో చెప్పాను. పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. "నిజంగా మామే నూరాడా?" అని అడుగుతారు. నూరాడమ్మా అంటాను. నమ్మరు. అదే అరుగు మీద ఏడు తలల రాకాసి కథ చెప్తే నోరు తెరుచుకుని విన్నవాళ్ళే, ఎనిమిదో తల లేదా తాతా అని అడిగినవాళ్ళే, మామగారు కోడలికి అల్లం నలిపిచ్చాడంటే మాత్రం, "పో తాతా, మరీ కల్పించి చెప్తున్నావు" అంటారు. నేనేం చెయ్యను చెప్పండి.